ఎదుట ఉన్నది శత్రువేనా: సైనికుడి పతకం వెనకున్న లెక్క

తిరుమలగిరి లాల్‌బజార్‌లో మిలిటరీ యూనిఫాంలు కుట్టే షాపులున్నాయి. ఆగస్టు పదిహేను దగ్గర పడుతుంటే అక్కడ రిటైరైనవాళ్ల రద్దీ పెరుగుతుంది. పోయినేడు మా కాలనీలో ఉండే ఒక హవల్దార్ సాబ్‌ని బండి మీద ఎక్కించుకుని వెళ్లాను. ఆయన పతకాల రిబ్బన్లు వెలిసిపోయి, ఏది ఏ రంగో తెలియకుండా అయ్యాయి. టైలర్ పాత వరసను గాజు కౌంటర్ మీద విప్పి, ఒక్కో గుడ్డముక్కనూ గోటితో సాపు చేస్తూ, ‘ఇది నైన్ ఇయర్స్, ఇది ట్వంటీ ఇయర్స్, ఇది హై ఆల్టిట్యూడ్’ అని చదువుకుంటూ పోతున్నాడు. మొత్తం ఎనిమిది.

‘ఇన్ని యుద్ధాలు చేశారా సాబ్?’ అన్నాను.

ఆయన నవ్వారు. ‘ఏడు ఉన్నందుకిచ్చిండ్రు. ఒక్కటి చేసినందుకిచ్చిండ్రు.’

బయటివాళ్లం పట్టించుకోని తేడా ఇది. ఎడమ జేబు మీద మెరిసే రంగుల పట్టీల్లో ఎక్కువ భాగం సర్వీసు పతకాలే. ఇన్నేళ్లు నౌకరీ చేసినందుకు ఒకటి, సియాచిన్‌లోనో ఎత్తైన కొండల్లోనో డ్యూటీ చేసినందుకు ఒకటి, ఫలానా యుద్ధం జరిగినప్పుడు ఆ ప్రాంతంలో ఉన్నందుకు ఇంకొకటి. 1997లో స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు నిండితే దానికీ ఒక పతకం వచ్చింది. శౌర్య పతకం వేరు. అది ఫలానా రోజు, ఫలానా చోట, ఫలానా మనిషి చేసిన పనికి. హవల్దార్ సాబ్‌ది సేనా మెడల్. అందులోనూ ఒక చిక్కుంది. సేనా మెడల్‌ని సాహసానికీ ఇస్తారు, ఏళ్ల తరబడి చేసిన మంచి సేవకూ ఇస్తారు. అందుకే ఆయన ఎవరికైనా చెప్పేటప్పుడు ‘సేనా మెడల్, గ్యాలంట్రీ’ అని రెండో మాట కాస్త నొక్కి పలుకుతారు.

రిబ్బన్లు తయారయ్యేలోపు పక్క హోటల్లో చాయ్ తాగుతూ, చాలాకాలంగా నన్ను తొలుస్తున్న ప్రశ్న అడిగాను. చైనా సరిహద్దులోని గల్వాన్‌లో చనిపోయిన మన సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబుకు మహావీర చక్ర ఇచ్చారు కదా, పరమవీర చక్ర ఎందుకివ్వలేదు? 2021 జనవరిలో పతకం ప్రకటించినప్పుడు తెలంగాణలో చాలామంది అడిగిన ప్రశ్నే ఇది. ఇంకా పెద్ద గౌరవం ఇచ్చి ఉండొచ్చని ఆయన తండ్రి కూడా అప్పట్లో పత్రికలతో అన్నారు.

హవల్దార్ సాబ్ చాయ్ సాసర్‌లో పోసుకుంటూ, ‘నన్నడిగితే ఏం లాభం? కాగితాన్నడుగు’ అన్నారు.

కాగితమంటే సైటేషన్. ఎవరు, ఎక్కడ, ఏం చేశారో రాసి పైకి పంపే పత్రం. ఆయన మాట పట్టుకుని నేను ఈ పతకాల కాగితాల వెంట పడ్డాను. వెళ్లి వెళ్లి ఎక్కడ తేలానంటే, 1948 నాటి మన హైదరాబాద్ సంస్థానంలో.

ముందు వరస చెప్పుకుందాం. పరమవీర, మహావీర, వీర చక్రాలను 1950 జనవరి 26న మొదలుపెట్టి, 1947 ఆగస్టు 15 నుంచే వర్తింపజేశారు. 1952 జనవరిలో అశోక చక్రను మూడు తరగతులుగా తెచ్చారు. 1967లో ఆ మూడింటికీ అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర అని పేర్లు పెట్టారు. మొదటి జట్టు యుద్ధకాలానిది, రెండోది శాంతికాలానిది అని పేపర్లలో రాస్తుంటారు. ఈ మాటలతోనే తికమక మొదలవుతుంది. అర్హతను నిర్వచించే వాక్యంలో తూకమంతా యుద్ధం మీద లేదు, శత్రువు మీద ఉంది. శత్రువు ఎదుట చూపిన శౌర్యానికి మొదటి జట్టు. శత్రువు ఎదుట కాని చోట చూపిన శౌర్యానికి రెండోది. మరి శత్రువంటే ఎవరు?

1948 సెప్టెంబర్ 13. నిజాం సంస్థానం మీదికి భారత సైన్యం కదిలిన మొదటి రోజు. సోలాపూర్ వైపు నుంచి వచ్చే ప్రధాన దళానికి నల్దుర్గ్ దారిలో ఉంది. రెండో సిక్కు బెటాలియన్ హవల్దార్ బచిత్తర్ సింగ్ తన మనుషులతో ముందు నడుస్తూ, ఎదురొచ్చిన నిజాం సైన్యపు వాహనాలను పట్టుకున్నాడు. తర్వాత ఒక లైట్ మెషిన్ గన్ వాళ్లను కదలనివ్వలేదు. తొడలో తూటా దిగినా పాకుతూ వెళ్లి గ్రెనేడ్లు విసిరి దాని నోరు మూయించాడు. అక్కడే ప్రాణం పోయింది. అదే రోజు అటు దక్షిణాన, కర్నూలు వైపు నుంచి సంస్థానంలోకి దారితీసే తుంగభద్ర వంతెన మీద గూర్ఖా నాయక్ నర్ బహదూర్ థాపా కాల్పుల మధ్య పరుగెత్తి, గన్ పేలుస్తున్నవాళ్లను ఖుక్రీ కత్తితో పడగొట్టాడు. ఆయన బతికాడు.

ఇద్దరికీ అశోక చక్ర వచ్చింది, అప్పటి లెక్కలో మొదటి తరగతి. ఆ పతకం అందుకున్నవాళ్ల జాబితా బచిత్తర్ సింగ్ పేరుతోనే మొదలవుతుంది. అంటే దేశపు మొట్టమొదటి ‘శాంతికాలపు’ అత్యున్నత పతకం, మన హైదరాబాద్ సంస్థానం గడ్డ మీద మెషిన్ గన్‌కు ఎదురెళ్లిన మనిషిది.

సరిగ్గా నెల తర్వాత, 1948 అక్టోబర్ 13న, కాశ్మీర్‌లోని టిథ్వాల్ దగ్గర మొదటి సిక్కు బెటాలియన్ లాన్స్ నాయక్ కరమ్ సింగ్ తన పోస్టును నిలబెట్టాడు. ఆయనకు పరమవీర చక్ర. బతికుండి దాన్ని అందుకున్న తొలి సైనికుల్లో ఆయనొకరు. బచిత్తర్ సింగ్‌దీ ఆయనదీ ఒకే రెజిమెంట్, ఒకే ఏడాది, తేదీ కూడా పదమూడే. ఇద్దరి ముందూ తుపాకులున్నాయి. పతకాల జట్లు మాత్రం వేరు.

హైదరాబాద్ మీద జరిగింది యుద్ధం కాదు, పోలీసు చర్య అని అప్పటి ప్రభుత్వం చెప్పింది. సైన్యంలో దాని పేరు ఆపరేషన్ పోలో. ఇప్పటికీ మన పెద్దవాళ్లు ‘పోలీసు యాక్షన్’ అనే అంటారు, అందులో పోలీసులు ఎంతమంది ఉన్నారో మాత్రం అడగొద్దు. నిజాం తరఫున ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు వెళ్లిన రోజులవి. అలాంటప్పుడు బచిత్తర్ సింగ్‌కు పరమవీర చక్ర ఇస్తే, ఎదుట ఉన్నది శత్రువని, అంటే వేరే దేశమని కాగితం మీద ఒప్పుకున్నట్టే కదా? ఇది నా ఊహే, కానీ వేరే వివరణ ఏదీ ఇంత సరిగ్గా అతకడం లేదు. 1948కి పరమవీర చక్ర వర్తించదనడానికి లేదు, కరమ్ సింగే సాక్ష్యం.

ఈ తాళంచెవి దొరికాక మిగతా తలుపులు తేలిగ్గానే తెరుచుకుంటాయి. 1961 డిసెంబర్‌లో కాంగోలో ఐక్యరాజ్యసమితి దళంలో ఉండి చనిపోయిన కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియాకు పరమవీర చక్ర వచ్చింది. మన దేశానికి ఏ దేశంతోనూ అప్పుడక్కడ యుద్ధం లేదు. 1999 కార్గిల్‌లో యుద్ధం ప్రకటించలేదు, అయినా నాలుగు పరమవీర చక్రలొచ్చాయి. అదే కాశ్మీర్‌లో ఉగ్రవాదుల్ని వెంటాడుతూ చనిపోయిన సైనికుల పేర్లు మాత్రం సాధారణంగా అశోక చక్ర జట్టులో కనిపిస్తాయి. ఆ జట్టుకు సైనిక యూనిఫాం కూడా అక్కర్లేదు, పోలీసులకూ పౌరులకూ ఇస్తారు. 2013 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవిలో మావోయిస్టులతో జరిగిన కాల్పుల్లో చనిపోయిన మన గ్రేహౌండ్స్ అధికారి కె. ప్రసాద్ బాబుకు అశోక చక్ర వచ్చింది అందుకే.

ఇప్పుడు గల్వాన్‌కి వద్దాం. 2020 జూన్ 15 రాత్రి అక్కడ తూటా పేలలేదు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపు కాల్పులు జరపకూడదని 1996లో చైనాతో రాసుకున్న ఒప్పందం ఉంది. రాళ్లు, కర్రలు, ఇనుప మేకులు దిగ్గొట్టిన కడ్డీలతో జరిగిన ఆ కొట్లాటలో మనవాళ్లు ఇరవై మంది చనిపోయారు. పదహారో బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్ సంతోష్ బాబు అందులో ఒకరు. మరి 1948లో మెషిన్ గన్‌కు ఎదురెళ్తే శత్రువు లేడట, 2020లో తుపాకీ పేలకపోయినా శత్రువున్నాడట. ఆ రాత్రికి ఇచ్చిన చక్రలు ఒక మహావీర చక్ర, ఐదు వీర చక్రలు. అన్నీ మొదటి జట్టువే. ఆ ఐదుగురిలో ఒక్కరు మాత్రమే బతికున్నారు. పరమవీర రాలేదని మనం బాధపడ్డాం గానీ, నా దృష్టిలో అసలు వార్త ఇది. చర్చలు, వెనక్కి తగ్గడాలు అంటూ ప్రభుత్వాలు ఆచితూచి మాట్లాడుతున్న రోజుల్లో, గెజెట్ మాత్రం ఎదుటివాడిని శత్రువనే పిలిచింది.

ఇక మహావీరకీ పరమవీరకీ తేడా. నిర్వచనాలు పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆశ్చర్యం వేస్తుంది. వీర చక్ర ‘శౌర్యానికి’. మహావీర చక్ర ‘ప్రస్ఫుటమైన శౌర్యానికి’. పరమవీర చక్ర ‘అత్యంత ప్రస్ఫుటమైన’ ధైర్యానికి, లేదా అసమాన సాహసానికి, ఆత్మత్యాగానికి. ఒక్కో మెట్టుకూ ఒక్కో విశేషణం. ఆ విశేషణాన్ని కొలిచే తక్కెడ ఏదీ లేదు. కమిటీ ఉంది, అంతే.

యూనిట్‌లో కమాండింగ్ ఆఫీసర్ సైటేషన్ రాయిస్తారు, కళ్లారా చూసినవాళ్ల వాంగ్మూలాలు జత చేస్తారు. బ్రిగేడ్, డివిజన్, కోర్, కమాండ్ దాటి సైన్యం ప్రధాన కార్యాలయానికి, అక్కణ్నుంచి రక్షణ శాఖకు, చివరికి రాష్ట్రపతి దాకా వెళ్తుంది. దారిలో ఎక్కడైనా ఒక మెట్టు తగ్గొచ్చు, పెరగొచ్చు. రిపబ్లిక్ డేకీ, ఇండిపెండెన్స్ డేకీ పేర్లు బయటికొస్తాయి. ఎందుకిచ్చారో గెజెట్‌లో ఉంటుంది. ఇంకా పెద్దది ఎందుకివ్వలేదో ఎక్కడా ఉండదు. సంతోష్ బాబు విషయంలో మనం అడిగిన ప్రశ్నకు జవాబు దొరకకపోవడానికి కారణం అదే.

చూసినవాళ్లే మిగలకపోతే? 1962 చైనా యుద్ధంలో, నవంబర్ 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర పదమూడో కుమావూన్ బెటాలియన్ చార్లీ కంపెనీలో సుమారు 120 మంది ఉంటే నూట పదికి పైగా చనిపోయారు. ప్రాణాలతో తిరిగొచ్చిన కొద్దిమంది చెప్పింది మొదట నమ్మలేదు. మరుసటి ఏడాది ఒక గొర్రెల కాపరి అటు వెళ్లి చూస్తే, మంచులో గడ్డకట్టిన సైనికులు ఆయుధాలు పట్టుకుని ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. శవాలు సాక్ష్యం చెప్పాయి. కంపెనీ కమాండర్ మేజర్ షైతాన్ సింగ్‌కు పరమవీర చక్ర వచ్చింది. ఆ కాపరి అటు వెళ్లకపోతే ఏమయ్యేదో.

కాగితం పొరపాటు కూడా పడుతుంది. కార్గిల్ పోరులో టైగర్ హిల్ మీద ఒళ్లంతా తూటాలు దిగినా పోరాడిన పంతొమ్మిదేళ్ల యోగేంద్ర సింగ్ యాదవ్‌కు పరమవీర చక్ర మరణానంతరం అని ప్రకటించారు. తర్వాత చూస్తే ఆయన ఆస్పత్రిలో కోలుకుంటున్నాడు. చనిపోయింది అదే పేరున్న ఇంకో సైనికుడు.

(కుమావూన్ మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న చుట్టరికం. కుమావూన్ రెజిమెంట్ పేరు 1945 దాకా 19వ హైదరాబాద్ రెజిమెంట్. దాని మూలాలు నిజాం సైన్యంలో ఉన్నాయి. 1947 నవంబర్ 3న కాశ్మీర్‌లోని బడ్గామ్‌లో చనిపోయి మొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ ఉద్యోగంలో చేరింది ఆ హైదరాబాద్ రెజిమెంట్‌లోనే. ఇంతవరకూ పరమవీర చక్ర వచ్చిన 21 మందిలో తెలుగువాడు లేడు గానీ, మన ఊరి పేరు మాత్రం మొదటి పతకం వెనక దాగుంది.)

హైదరాబాద్ కుటుంబం నుంచి వెళ్లిన ఒకరి జీవితం దగ్గర కాసేపు ఆగాలి. మేజర్ పద్మపాణి ఆచార్య. ఇల్లు హైదరాబాద్, మూలాలు ఒడిశాలో, తండ్రి ఎయిర్‌ఫోర్స్ అధికారి. ఆయన రెండో రాజపుతానా రైఫిల్స్‌లో కంపెనీ కమాండర్. కార్గిల్‌లో తోలోలింగ్ శిఖరాన్ని 1999 జూన్ 13న తిరిగి పట్టుకున్న బెటాలియన్ అది. రెండు వారాలకే ఇంకో ఎత్తు ఎక్కమన్నారు. జూన్ 28 రాత్రి. దారి పొడవునా మందుపాతరలు, పైనుంచి మెషిన్ గన్లు, ఫిరంగులు. ముందు వెళ్లిన ప్లాటూన్ ముక్కలైపోయి దాడి ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఆచార్య వెనక ఉన్న రిజర్వ్ ప్లాటూన్‌ని తీసుకుని తానే ముందు నడిచారు. తూటాలు తగిలి కదలలేని స్థితిలో పడిపోయాక, నన్ను వదిలేసి పైకెళ్లండి అని తన మనుషులకు చెప్పారు. వాళ్లు వెళ్లారు, పోస్టు చేతికొచ్చింది. ఆయన ప్రాణం అక్కడే పోయింది.

ఆ పోరులో అదే బెటాలియన్‌కు చెందిన ఇంకో ఇద్దరు యువ అధికారులు కెప్టెన్ కెంగురుసే, కెప్టెన్ విజయంత్ థాపర్ కూడా చనిపోయారు. ఆచార్యకూ కెంగురుసేకూ మహావీర చక్ర, థాపర్‌కు వీర చక్ర. ఒకే బెటాలియన్, ఒకే కొండ, మూడు ప్రాణాలు. ఇందాకటి విశేషణాల సంగతి ఇక్కడ మళ్లీ గుర్తొస్తుంది. ఈ ముగ్గురి మధ్య గీత ఎక్కడ గీయాలో నిర్ణయించిన కమిటీలో కూర్చోవాల్సి వస్తే నేనైతే లేచి బయటికొచ్చేసేవాడిని.

చనిపోయే కొద్దిరోజుల ముందు ఆచార్య తండ్రికి ఉత్తరం రాశారు. అందులో యుద్ధం గురించి ఉంది, ధైర్యం చెప్పడం ఉంది. అప్పటికి ఆయన భార్య గర్భవతి. ఆమెకు రోజుకో మహాభారత కథ చెప్పండి, పుట్టబోయే బిడ్డకు మంచి బుద్ధులు అబ్బుతాయి అని రాశారు. తల్లి కడుపులో కథ విన్న అభిమన్యుడి గురించి మనలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కూతురు ఆయన పోయిన కొన్ని నెలలకు పుట్టింది.

పతకం వచ్చాక ఇంటికి ఏమొస్తుంది? జనం అనుకునేంత పెద్ద మొత్తం కాదు. 2017 ఆగస్టు నుంచి కేంద్రం ఇచ్చే నెలసరి భత్యం పరమవీర చక్రకు 20,000 రూపాయలు, అశోక చక్రకు 12,000, మహావీరకు 10,000, కీర్తి చక్రకు 9,000, వీర చక్రకు 7,000, శౌర్య చక్రకు 6,000. పై రెండు జట్లనూ కలిపి పేర్చిన గౌరవ క్రమం కూడా ఇదే. చాలామంది తేలిగ్గా తీసుకునే అశోక చక్ర నిజానికి మహావీర చక్ర కన్నా పైన. భర్త చనిపోయాక ఈ భత్యం భార్యకు వస్తుంది. అయితే ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోయేది, మరిదినో బావగారినో చేసుకుంటే తప్ప! ఆ షరతును 2017 నవంబర్‌లో గానీ తీసేయలేదు.

కుటుంబానికి అసలు ఆధారం పతకం కాదు, పెన్షన్. దాన్ని తేల్చేది ఇంకో కాగితం. మరణాన్ని ‘బ్యాటిల్ క్యాజువాలిటీ’గా, అంటే పోరులో జరిగిన మరణంగా రాశారా, మామూలు మరణంగా రాశారా అన్నదాన్ని బట్టి కుటుంబ పెన్షన్ మారిపోతుంది. మనం అమరవీరుడు, షహీద్ అంటాం. సైన్యం అధికారిక భాషలో ఆ మాటలు లేవని ప్రభుత్వమే చెప్పింది. ఇక రాష్ట్రాలిచ్చేది దేని దారి దానిదే. సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్లు, ఇంటి స్థలం, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. ఆ రాత్రి చనిపోయిన మిగతా 19 మంది వేరే రాష్ట్రాలవాళ్లైనా ఒక్కో కుటుంబానికి 10 లక్షలు ప్రకటించింది. సొంతవాడికి ఎక్కువ ఇవ్వడాన్ని తప్పుపట్టను. కానీ సైనికుడు ఏ జిల్లాలో పుట్టాడన్నదాన్ని బట్టి అతని ఇంటి బతుకు మారిపోవడం నాకు మింగుడుపడదు.

2021 నవంబర్‌లో రాష్ట్రపతి భవన్‌లో సంతోష్ బాబు భార్య, తల్లి ఆయన మహావీర చక్రను అందుకున్నారు. పోయినవాళ్ల పతకాన్ని ఇంట్లోవాళ్లు ధరిస్తే కుడివైపు పెట్టుకుంటారు. ఎడమవైపు, అది సంపాదించినవాళ్లది.

మేం మళ్లీ షాపుకెళ్లేసరికి టైలర్ వరస కుట్టేశాడు. హవల్దార్ సాబ్ కళ్లజోడు తుడుచుకుని, దగ్గరికి పెట్టుకుని చూశారు. ఎర్ర గుడ్డ మధ్యలో తెల్ల గీత ఉన్న సేనా మెడల్ రిబ్బన్ మూడోదిగా ఉంది. ‘ఇది లోపలికి రావాలె బేటా, గుండె మధ్య దిక్కు, అన్నిటికంటె ముందల’ అన్నారు. టైలర్ నాలుక కరుచుకుని దారం తెంపాడు.

‘మీ సైటేషన్ ఉందా సాబ్?’ అనడిగాను.

లామినేషన్ చేయించి ఇంట్లో పెట్టారట. అందులో ఆయన ఊరి పేరు తప్పు పడింది. రెండుసార్లు రాసి పంపినా మారలేదు. ‘ఆ పేరుతోటి ఊరు మన జిల్లాలనే లేదు’ అని నవ్వారు. కాసేపాగి, ‘ఊరు పోనీ. ఆ రాత్రి నా ఎన్క తాడు పట్టుకొని నిలబడ్డోని పేరు కూడ అందుల లేదు. ఆయన మదురైల ఉంటడు’ అన్నారు.

ఏటా ఆ తేదీన తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ చేస్తారట. హిందీలోనే మాట్లాడుకుంటారట, ఇద్దరికీ అంతంతమాత్రం వచ్చిన హిందీలో.